300 ఎంబీపీఎస్ ప్లాన్‌లోనూ 240 పింగ్: తగ్గేదెంత, తగ్గనిదెంత?

బెంగళూరు మారతహళ్లి పీజీలోనో, చెన్నై ఓఎంఆర్ ఫ్లాట్‌లోనో 100 ఎంబీపీఎస్ నుంచి 300 ఎంబీపీఎస్‌కు మారినవాళ్లకు మొదటి రాత్రే ఒక సంగతి తెలిసొస్తుంది. డౌన్‌లోడ్లు మూడు రెట్ల వేగంతో దిగుతాయి. అమెరికా గేమ్ సర్వర్‌లో పింగ్ మాత్రం 240 మిల్లీసెకన్ల దగ్గర ఉన్నచోటే ఉంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ పెట్టమంటారు. ఆ టెస్ట్ ఊళ్లోనే ఉన్న సర్వర్‌తో మాట్లాడి 3 మిల్లీసెకన్లు చూపిస్తుంది, ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు.

ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎంత డేటా వస్తుందన్న లెక్క. పింగ్ అంటే ఒక ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. చాలా గేములకు ఆట నడుస్తున్నంతసేపూ 1 ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. అందుకే పెద్ద ప్లాన్‌కు మారితే గేమ్ త్వరగా డౌన్‌లోడ్ అవుతుందే తప్ప ఆటలో ల్యాగ్ పోదు.

క్లుప్తంగా: విదేశీ సర్వర్ పింగ్‌లో మూడు వాటాలుంటాయి. మొదటిది దూరం. దాన్ని ఎవరూ తగ్గించలేరు. రెండోది దారి: నెట్ ప్రొవైడర్ ప్యాకెట్లను ఎటు తిప్పి పంపుతున్నాడన్నది. ప్రొవైడర్ మారినా, మధ్యలో రిలే (ప్యాకెట్లను అందుకుని ముందుకు పంపే సర్వర్) పెట్టుకున్నా ఇది తగ్గొచ్చు. మూడోది క్యూ: వైఫైలోనో రౌటర్‌లోనో ప్యాకెట్ ఆగిపోవడం. దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఏ వాటా ఎంతో తేల్చకముందే డబ్బు ఖర్చు పెట్టడం దండగ.

## దూరం వాటా

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. శూన్యంలో దాని వేగంలో ఇది దాదాపు మూడింట రెండు వంతులు. రానూపోనూ కలిపి చూస్తే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి 1 మిల్లీసెకను. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే ఏ ప్రకటన నమ్మదగిందో, ఏది కాదో చిటికెలో తెలిసిపోతుంది.

చెన్నై నుంచి సింగపూర్ నేరుగా 2,900 కిలోమీటర్లు. కేబుల్ సముద్రం అడుగున గీత గీసినట్టు తిన్నగా పోదు కాబట్టి దాని పొడవు 3,200 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. అంటే కనీసం 32 మిల్లీసెకన్లు. చెన్నైలో సింగపూర్ సర్వర్ మీద 35 నుంచి 40 కనిపిస్తోందంటే ఇక పిండుకోవడానికి ఏమీ మిగల్లేదు.

టోక్యో 6,400 కిలోమీటర్లు. లెక్క ప్రకారం 64 రావాలి, ఆచరణలో 100–130 వస్తుంది. సిడ్నీ 9,100 కిలోమీటర్లు. 91 రావాల్సింది 130–160 మధ్య తిరుగుతుంది. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ 7,400 కిలోమీటర్లే అయినా 130–160 పడుతుంది, ఎందుకంటే కేబుల్ విమానం దారిలో పోదు. ముంబయి దాకా నేల మీద వెళ్లి, అరేబియా సముద్రం, ఎర్ర సముద్రం దాటి, ఈజిప్టు మీదుగా మధ్యధరాలో దిగి, సాధారణంగా ఫ్రాన్స్‌లోని మార్సెయ్ దగ్గర ఒడ్డెక్కుతుంది.

అమెరికా సంగతి ఇంకా విచిత్రం. బెంగళూరుకూ డాలస్‌కూ మధ్య అతి దగ్గరి దారి సుమారు 14,900 కిలోమీటర్లు, అది ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది. అటు కేబుల్ లేదు. కాబట్టి పడమటగా యూరప్, అట్లాంటిక్ మీదుగానో, తూర్పుగా సింగపూర్, పసిఫిక్ మీదుగానో చుట్టి వెళ్లాల్సిందే. ఎటు వెళ్లినా 230–280 మామూలే. డాలస్ సర్వర్‌లో 240 కనిపిస్తే నెట్‌లో లోపం ఉన్నట్టు కాదు. దాన్ని 120కి దించుతామని ఎవరైనా అంటే అది అబద్ధం, ఎందుకంటే నేరుగా ధ్రువం మీదుగా కేబుల్ వేసినా 149 కంటే దిగదు.

## చెన్నై గుమ్మం, ముంబయి గుమ్మం

భారత్‌కు వచ్చే సముద్ర కేబుళ్లలో ఎక్కువ భాగం ముంబయి, చెన్నై తీరాల్లో ఒడ్డెక్కుతాయి. తూర్పు వైపు గుమ్మం చెన్నై: 2002 నాటి ఐ2ఐ కేబుల్, 2004 నాటి టాటా కేబుల్ ఇక్కడి నుంచి సింగపూర్‌కే వేసినవి. 2005లో వచ్చిన సీ-మీ-వీ 4 రెండు నగరాలనూ తాకుతుంది. గల్ఫ్‌కైనా, యూరప్‌కైనా పెద్ద గుమ్మం ముంబయే.

బెంగళూరుకు సముద్రం లేదు. ఇక్కడి ప్యాకెట్ ముందు ఏదో ఒక తీరానికి చేరాలి. చెన్నైకి నేల మీది ఫైబర్ దాదాపు 350 కిలోమీటర్లు, రానూపోనూ 5–8 మిల్లీసెకన్లు. ముంబయికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు కాబట్టి 18–22. సింగపూర్ సర్వర్‌లో ఆడే బెంగళూరు కుర్రాడికి చెన్నై దారి దొరికితే 40–45 వస్తుంది. ముంబయి దారి పడితే 20కి తోడు ముంబయి–సింగపూర్ మరో 60 కలిసి 80 అవుతుంది. ఒకే వీధిలో, ఒకే సర్వర్‌లో, రెండు కంపెనీల కనెక్షన్ల మధ్య రెట్టింపు తేడా రావడానికి కారణం ఇదే.

మరి ప్రొవైడర్ దగ్గరి దారి ఎందుకు ఎంచుకోడు? ఇంటర్నెట్‌లో నెట్‌వర్కుల మధ్య దారులు నిర్ణయించే బీజీపీ అనే పద్ధతికి మిల్లీసెకన్లతో పని లేదు. ఏ నెట్‌వర్క్‌తో ఒప్పందం ఉంది, ఎటు పంపితే ఖర్చు తక్కువ, మధ్యలో ఎన్ని నెట్‌వర్కులు దాటాలి, ఇవే దాని లెక్కలు. చిన్న ప్రొవైడర్ అంతర్జాతీయ బ్యాండ్‌విడ్త్ ముంబయిలో చవగ్గా కొన్నాడనుకుందాం, అతని బెంగళూరు కస్టమర్లంతా ముంబయి మీదుగా పోవాల్సిందే. మరీ అన్యాయంగా, సింగపూర్ ప్యాకెట్ యూరప్ దాకా వెళ్లి అటు నుంచి తిరిగొచ్చే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు పక్కనే ఉన్న సింగపూర్ 250 దాటుతుంది.

పైగా వెళ్లే దారి, వచ్చే దారి ఒకటే కానక్కర్లేదు. వెళ్లేటప్పుడు మన ప్రొవైడర్ నిర్ణయిస్తాడు, వచ్చేటప్పుడు గేమ్ కంపెనీ నెట్‌వర్క్ నిర్ణయిస్తుంది. వెళ్లే దారి చక్కగా చెన్నై మీదుగా ఉన్నా పింగ్ 90 చూపిస్తుంటే, తిరుగు ప్యాకెట్ ముంబయి మీదుగా వస్తుండొచ్చు.

పడమటి గుమ్మానికి ఇంకో బలహీనత ఉంది. ఆసియా–యూరప్ కేబుళ్లలో అత్యధిక భాగం ఎర్ర సముద్రమనే ఇరుకు సందులోంచే పోతాయి. 2024 ఫిబ్రవరిలో అక్కడ ఏఏఈ-1, ఈఐజీ సహా కొన్ని కేబుళ్లు తెగాయి. 2025 సెప్టెంబరులో జెడ్డా సమీపంలో సీ-మీ-వీ 4, ఐఎంఈడబ్ల్యూఈ తెగినప్పుడు మైక్రోసాఫ్ట్ అజ్యూర్ కూడా తన సేవల్లో ఆలస్యం పెరిగిందని ప్రకటించాల్సొచ్చింది. మరమ్మతు ఓడ రావడం, అనుమతులు, తెగిన కొసలు పైకి లాగి అతకడం కలిపి వారాలు పడతాయి. ఆ వారాల్లో యూరప్ ట్రాఫిక్‌లో కొంత తూర్పు చుట్టు తిరుగుతుంది. మిగిలినది బతికున్న కేబుళ్ల మీద కిక్కిరిసిపోతుంది. అలాంటి రోజుల్లో రౌటర్ ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా ఒరిగేదేమీ లేదు. సింగపూర్, టోక్యో సర్వర్లకు మారడమే తెలివైన పని.

## దారిని చదవడం

ఏ వాటా ఎంతో తేల్చడానికి మూడు కొలతలు చాలు. మొదటిది, కంప్యూటర్ నుంచి ఇంటి రౌటర్‌కు (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1) 100 పింగ్‌లు. ల్యాన్ కేబుల్‌పై ప్రతిదీ 1 మిల్లీసెకను లోపే రావాలి, మంచి వైఫైపై 2–5. మధ్యమధ్యలో 80, 150 ఎగురుతుంటే సమస్య గదిలోనే ఉంది, సింగపూర్‌ను తిట్టుకుని లాభం లేదు. రెండోది, అదే పరీక్ష ఎవరైనా పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తుండగా ప్రొవైడర్ తొలి గేట్‌వేకు, అంటే వాళ్ల వైపు మొదటి రౌటర్‌కు. అప్పుడు పింగ్ ఎగిరితే అది క్యూ వాటా. మూడోది, గేమ్ సర్వర్ చిరునామాకు విన్‌ఎంటీఆర్ లాంటి ప్రోగ్రామ్‌తో కనీసం 300–500 ప్యాకెట్ల పరీక్ష, ఒకసారి మధ్యాహ్నం, మరోసారి రాత్రి 9–11 మధ్య. సర్వర్ చిరునామా గేమ్‌లో కనిపించకపోతే, ఆట నడుస్తుండగా విండోస్ రిసోర్స్ మానిటర్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో గేమ్ పేరు పక్కన చూడొచ్చు. కొన్ని గేములకు అక్కడ చిరునామా రాదు. అప్పుడు అదే నగరంలోని ఏదైనా క్లౌడ్ సర్వర్‌తో సరిపెట్టుకోవాలి.

విన్‌ఎంటీఆర్ ఫలితంలో ఒక్కో వరుస ఒక్కో రౌటర్. వాటి పేర్లలో తరచూ విమానాశ్రయ సంకేతాలుంటాయి: చెన్నైకి ఎంఏఏ, ముంబయికి బీఓఎం, సింగపూర్‌కు ఎస్ఐఎన్, మార్సెయ్‌కి ఎంఆర్ఎస్, ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఎఫ్ఆర్ఏ. బెంగళూరు నుంచి సింగపూర్‌కు చేసిన పరీక్షలో వరుసలు ఇలా వచ్చాయనుకుందాం: ఒకటో వరుస ఇంటి రౌటర్, 1 మిల్లీసెకను. రెండోది ప్రొవైడర్ గేట్‌వే, 4. నాలుగో వరుసలో బీఓఎం, 23. ఆరో వరుసలో ఎస్ఐఎన్, 84. చివరి వరుస గేమ్ సర్వర్, 85. ఇల్లు, ప్రొవైడర్ తొలి మజిలీ రెండూ శుభ్రంగా ఉన్నాయి. ప్యాకెట్ ముంబయి తిరిగి వెళ్లింది. ఇక్కడ సుమారు 40 మిల్లీసెకన్లు దారి వాటా, అంటే తగ్గించుకునే వీలున్నది. అదే నాలుగో వరుసలో ఎంఏఏ 10, ఆరో వరుసలో ఎస్ఐఎన్ 43 ఉంటే ఇక ఆ కనెక్షన్‌ను మార్చకపోవడమే మేలు.

చాలామంది తప్పు చదివేది ప్యాకెట్ లాస్ గడిని, అంటే దారిలో పోయిన ప్యాకెట్ల శాతాన్ని. మధ్య వరుసలో 60 శాతం లాస్ కనపడగానే ఆ స్క్రీన్‌షాట్ తీసి ప్రొవైడర్‌కు పంపుతారు. మధ్య రౌటర్లు తమకు వచ్చే పింగ్‌లకు జవాబివ్వడాన్ని చివరి పనిగా పెట్టుకుంటాయి, కొన్ని అసలే ఇవ్వవు. వాటి గుండా సాగిపోయే గేమ్ ప్యాకెట్లకు ఆ ఇబ్బంది ఉండదు. లాస్ ఒక వరుసలో మొదలై చివరి వరుస దాకా కొనసాగితేనే దాన్ని నిజమైన లాస్‌గా లెక్కించాలి.

పగలు 45, రాత్రి 10 గంటలకు అదే దారిలో 90, పైగా 2 శాతం లాస్ ఉందంటే రెండు నెట్‌వర్కుల మధ్య లింకు నిండిపోయిందని అర్థం. ఈ రెండు వేళల ఫలితాలు, సొంత పబ్లిక్ ఐపీ, సర్వర్ ఐపీ, సమయం రాసి పంపితే ఫిర్యాదు కాల్ సెంటర్ దాటి నెట్‌వర్క్ ఇంజినీర్ల దాకా వెళ్లే అవకాశం ఉంటుంది. ‘గేమ్ ల్యాగ్ అవుతోంది’ అన్న ఒక్క ముక్కతో అంత దూరం వెళ్లదు.

వేరే ప్రొవైడర్ దారి బాగుంటుందా అన్నది కనెక్షన్ తీసుకోకముందే తెలుసుకోవచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌పై అదే పరీక్ష నడిపితే మొబైల్ కంపెనీ దారి కనిపిస్తుంది. 4జీ తొలి మజిలీలోనే 30–50 మింగేస్తుంది కాబట్టి మొత్తం అంకెను కాక తొలి మజిలీ తర్వాత పెరిగిన భాగాన్ని పోల్చాలి. అదే కంపెనీ ఫైబర్ కూడా అమ్ముతుంటే దాని దారి సాధారణంగా దీనికి దగ్గరగా ఉంటుంది. పక్క ఫ్లాట్‌లో వేరే కంపెనీ కనెక్షన్ ఉంటే పది నిమిషాలు ల్యాప్‌టాప్ పెట్టుకోనివ్వమని అడగడం ఇంకా నయం. అయితే చాలా అపార్ట్‌మెంట్లలో లోపలికి ఒకరిద్దరు ప్రొవైడర్ల లైనే ఉంటుందన్నది వేరే తలనొప్పి.

## ఇంట్లో పుట్టే ఆలస్యం

దూరం 240 అయినప్పుడు ఇంట్లో 20 పెరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. అసలు ఇబ్బంది పెరుగుదలతో కాదు, ఊగిసలాటతో. స్థిరంగా 160 ఉన్న కనెక్షన్‌కు చేతులు వారంలో అలవాటు పడతాయి. 90 నుంచి 220 మధ్య ఊగేదానికి ఎన్నటికీ పడవు.

మొదటి మందు ల్యాన్ కేబుల్. క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది. కేబుల్ లాగే వీలు లేకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తాకని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. బీటీఎం లేఅవుట్‌లాంటి చోట ఒక గదిలోంచి పాతిక ముప్ఫై రౌటర్లు కనిపిస్తుంటే ఏ ఛానల్ పెట్టినా ఒకటే. 5 గిగాహెర్ట్జ్ ఒక కాంక్రీటు గోడకే నీరసించిపోతుంది కాబట్టి రౌటర్ అదే గదిలో ఉండాలి.

రెండోది, అంతగా ఎవరూ పట్టించుకోనిది, రౌటర్‌లోని బఫర్. అప్‌లోడ్ నిండినప్పుడు రౌటర్ ప్యాకెట్లను పారేయకుండా వరుసలో దాచుకుంటుంది. పీజీలో గదికి 20 ఎంబీపీఎస్ ఇచ్చారనుకుందాం. ఫోన్ ఫొటోలను బ్యాకప్ చేస్తూ 1 మెగాబైట్ బఫర్ నింపేస్తే, అంటే 8 మెగాబిట్లు, ఆ వరుస ఖాళీ కావడానికి 0.4 సెకన్లు పడుతుంది. వంద బైట్ల గేమ్ ప్యాకెట్ ఆ 400 మిల్లీసెకన్లూ వెనకే నిలబడాలి, చేతిలో ఒక్క పాల ప్యాకెట్ ఉన్నవాడు రెండు ట్రాలీల సరుకు వెనక బిల్లు కౌంటర్ దగ్గర ఇరుక్కున్నట్టు.

దీనికి విరుగుడు ఎస్‌క్యూఎం, అంటే ఆ వరుసను తెలివిగా నడిపే ఏర్పాటు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో కేక్ లేదా ఎఫ్‌క్యూ-కోడెల్ పేరుతో దొరుకుతుంది. డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలను కొలిచి, వాటిలో 85–95 శాతం దగ్గర పరిమితి పెట్టాలి. అప్పుడు వరుస ప్రొవైడర్ పెట్టెలో కాక మన రౌటర్‌లో ఏర్పడుతుంది, చిన్న ప్యాకెట్లు పక్కనుంచి ముందుకు సాగిపోతాయి. పరిమితిని 100 శాతం దగ్గర పెడితే వరుస మళ్లీ అవతలి పెట్టెకే మారిపోయి పెట్టిన ఫలితం ఉండదు. ఇది ప్రాసెసర్‌ను బాగా వాడుతుంది. పాత చవక రౌటర్లు 100 ఎంబీపీఎస్ దాటితే మోయలేవు, అలాంటప్పుడు అప్‌లోడ్‌కు ఒక్కదానికే పెట్టినా సగం రోగం నయమవుతుంది.

పీజీలో రౌటర్ మన చేతిలో ఉండదు. అక్కడ చేయగలిగింది సొంత పరికరాల అప్‌లోడ్ ఆపడం: ఫోన్ ఫొటో బ్యాకప్, వన్‌డ్రైవ్ సింక్, విండోస్ సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ కింద ఇతర కంప్యూటర్లకు అప్‌డేట్లు పంచే ఆప్షన్. గదిలో ల్యాన్ పోర్ట్ ఉందేమో అడగడం మర్చిపోకూడదు. చాలా పీజీల్లో ఉంటుంది, మంచం వెనక.

నెట్‌తో సంబంధం లేని ఆలస్యాన్నీ ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి. 60 హెర్ట్జ్ మానిటర్‌లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్‌లో 6.9. టీవీకి కనెక్ట్ చేసి ఆడేవాళ్లు గేమ్ మోడ్ ఆన్ చేస్తే పదుల మిల్లీసెకన్లు కలిసొస్తాయి. వీసింక్ (ఫ్రేములను స్క్రీన్ వేగంతో జతచేసే సెట్టింగ్) తీసేస్తే ఇంకొంత. కంటికి, చేతికి తెలిసేది ఈ మొత్తం కలిపిన ఆలస్యమే కాబట్టి కేబుల్ ఇవ్వని 30 మిల్లీసెకన్లు స్క్రీన్ ఇవ్వగలదు.

## డబ్బు పెట్టే చోటు, పెట్టకూడని చోటు

ఎగ్జిట్‌ల్యాగ్, మడ్‌ఫిష్ లాంటి సేవలు దూరాన్ని తగ్గించవు. ప్రొవైడర్ చెడ్డ దారిని తప్పించి, దగ్గరలోని తమ రిలే సర్వర్ గుండా మంచి దారిలో పంపుతాయి. కాబట్టి పైన చెప్పిన పరీక్షలో బెంగళూరు–ముంబయి–సింగపూర్ కనిపించినవాళ్లకు 80 నుంచి 50కి దిగడం సాధ్యమే. చెన్నై దారిలోనే 43 వస్తున్నవాళ్లకు ఇదే సేవ 45 లేదా 50 ఇస్తుంది, నెలనెలా చందా తీసుకుని.

కాస్త చేయి తిరిగినవాళ్లు సొంత రిలే పెట్టుకోవచ్చు. సింగపూర్‌లోనో చెన్నైలోనో నెలకు 5 డాలర్ల స్థాయి క్లౌడ్ సర్వర్ ఒకటి తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్ పెట్టడమే. ముందు ఇంటి నుంచి క్లౌడ్‌కు, క్లౌడ్ నుంచి గేమ్ సర్వర్‌కు పింగ్ కొలిచి కలపాలి. నేరుగా వచ్చేదానికంటే మొత్తం కనీసం 15 తగ్గకపోతే ఆ శ్రమ అనవసరం. వైర్‌గార్డ్ ప్రతి ప్యాకెట్‌కు ఐపీవీ4పై 60 బైట్లు చేరుస్తుంది, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1420 పెడితే సరిపోతుంది. కాన్ఫిగరేషన్‌లో గేమ్ సర్వర్ల చిరునామాలను మాత్రమే టన్నెల్‌లోకి పంపాలి. లేకపోతే యూట్యూబ్ కూడా సింగపూర్ తిరిగొస్తుంది, క్లౌడ్ బిల్లూ పెరుగుతుంది. కొన్ని గేములు వీపీఎన్‌ను నిషేధిస్తాయి, కొన్నింటిలో వేరే దేశం నుంచి లాగిన్ కనపడగానే ఖాతా తాత్కాలికంగా లాక్ అవుతుంది. నిబంధనలు ముందే చదవాలి.

మామూలు వీపీఎన్లతో ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల వివరాలు భద్రపరచాలన్నాయి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటివి భారత్‌లోని తమ సర్వర్లను తీసేశాయి. యాప్‌లో ‘ఇండియా’ అని చూపించే సర్వర్ అసలు సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉండొచ్చు. లండన్‌లోని ‘ఇండియా’ మీదుగా సింగపూర్‌లో ఆడితే ఫలితం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

డీఎన్‌ఎస్‌ను 1.1.1.1కో 8.8.8.8కో మార్చితే పింగ్ తగ్గదు. అది సర్వర్ చిరునామా వెతకడానికి మొదట్లో ఒకసారి పనికొస్తుంది, తర్వాత ఆటలో దానికి పాత్ర లేదు. ఫోన్‌లో ‘గేమ్ బూస్టర్’ యాప్‌లు నేపథ్యంలోని యాప్‌లను మూసేస్తాయి, అంతే. విండోస్ రిజిస్ట్రీలో టీసీపీ ఏసీకే ఫ్రీక్వెన్సీని 1 చేసే చిట్కా నిజంగానే పనిచేస్తుంది, కానీ టీసీపీ (ప్రతి ప్యాకెట్ చేరిందో లేదో రసీదు చూసుకునే పద్ధతి) వాడే గేముల్లోనే. షూటర్లు దాదాపు అన్నీ రసీదు కోసం ఆగని యూడీపీపై నడుస్తాయి, వాటికి ఇది తగలదు.

## 240 పింగ్‌లో ఆట లోపల ఏం జరుగుతుంది

1996లో జాన్ కార్మాక్ క్వేక్‌వరల్డ్‌లో ఒక ఉపాయం పెట్టాడు: సర్వర్ జవాబు కోసం ఆగకుండా ఆటగాడి పాత్రను అతని కంప్యూటర్‌లో వెంటనే కదిపేయడం. 240 పింగ్‌లోనూ నడక సాఫీగా అనిపించడానికి కారణం ఇదే. సర్వర్ లెక్క వేరుగా వస్తే పాత్రను వెనక్కి లాగుతుంది, రబ్బర్ బ్యాండింగ్ అనేది దీన్నే. ఇతర ఆటగాళ్లు మాత్రం ఎప్పుడూ గతంలోనే కనిపిస్తారు. అందుకని సర్వర్, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో షూటర్ స్క్రీన్‌పై ఎవరెక్కడున్నారో వెనక్కి వెళ్లి చూసి తూటా తగిలిందో లేదో తేలుస్తుంది. వాల్వ్‌కు చెందిన యాన్ బెర్నియర్ 2001లో వివరించిన లాగ్ కాంపెన్సేషన్ ఇదే. గోడ చాటుకు వెళ్లిపోయాక చచ్చిపోవడమనే చికాకు కూడా దీని బిడ్డే.

ఈ యంత్రాంగంలోంచి కొన్ని పనికొచ్చే ఫలితాలు పుడతాయి. మూల దగ్గర నక్కి కాపు కాసేవాడి కంటే బయటికి దూకేవాడు అవతలివాడిని ముందు చూస్తాడు. ఇద్దరి పింగ్‌లు పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ పింగ్‌లో కాపు కాయడం ఓడిపోయే ఎత్తు, కదులుతూ ఆడటమే నయం. చాలా గేముల్లో తగిలిన వెంటనే లెక్కకొచ్చే తుపాకులకు ఈ వెనక్కి చూసే సౌకర్యం ఉంటుంది, ఎగిరి వెళ్లే రాకెట్లు, బాణాలకు ఉండదు. కౌంటర్‌స్ట్రైక్ 2లో ప్యాకెట్ లాస్, జిట్టర్‌ను (పింగ్ ఊగిసలాటను) సర్దడానికి ఒకటి లేదా రెండు ప్యాకెట్ల బఫరింగ్, వాలరెంట్‌లో నెట్‌వర్క్ బఫరింగ్ ఉన్నాయి. లాస్ ఉంటేనే వాటిని పెంచాలి. స్థిరమైన 150కి పెంచితే ఊరికే ఇంకాస్త ఆలస్యం కొనుక్కున్నట్టవుతుంది. అసలు ఈ రెండు గేములకూ భారత్‌లోనే సర్వర్లున్నాయి: కౌంటర్‌స్ట్రైక్‌కు చెన్నై, ముంబయి, వాలరెంట్‌కు ముంబయి.

వేలమంది ఒకే లోకంలో ఆడే ఎంఎంఓల తీరు వేరు. ఫైనల్ ఫాంటసీ 14 అంతర్జాతీయ వెర్షన్‌కు డేటా సెంటర్లు జపాన్, ఉత్తర అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లోనే ఉన్నాయి. అందులో ఒక్కో కదలికకు సుమారు 0.6 సెకన్ల లాక్ (ఆ లోపు ఇంకోటి చేయలేం) ఉంటుంది, దానికి పింగ్ కలుస్తుంది. 2.5 సెకన్ల చక్రంలో ఒక ప్రధాన దాడి, రెండు చిన్న సామర్థ్యాలు ఇరికించాలంటే మూడు లాక్‌లు, అంటే 1.8 సెకన్లు, పైన మూడు పింగ్‌లు. సిడ్నీలో 150 అయితే మొత్తం 2.25, సరిపోతుంది. అమెరికాలో 250 అయితే 2.55, ప్రతి చక్రంలోనూ కాస్త జారిపోతుంది. అమెరికా కంటే సిడ్నీని ఎంచుకోవడం వెనక లెక్క ఇదే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో స్పెల్ క్యూ విండో (నడుస్తున్న మంత్రం ముగియకముందే తర్వాతిది నొక్కగలిగే వ్యవధి) మామూలుగా 400 మిల్లీసెకన్లు పెట్టి ఉంటుంది. తక్కువ పింగ్‌వాళ్ల సలహా విని దాన్ని 100కు దించితే 240 పింగ్‌లో మంత్రాల మధ్య ఖాళీలు పడతాయి, ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి.

ఫైటింగ్ గేముల్లో రోల్‌బ్యాక్ (ప్రత్యర్థి కదలికను ఊహించి ఆడించి, తప్పైతే వెనక్కి వెళ్లి సరిదిద్దే పద్ధతి) ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఒక వైపు 115 మిల్లీసెకన్లంటే 60 ఫ్రేముల ఆటలో 7 ఫ్రేములు. రోల్‌బ్యాక్ ఉన్నా ప్రత్యర్థి ఎగిరెగిరి పడతాడు. లేకపోతే ఆట నీళ్లలో నడిచినట్టుంటుంది.

## డాలస్‌లో ఉన్న స్నేహితుడితో ఆడాలంటే

ఎంఎస్‌కు వెళ్లిన గ్యాంగ్‌తో శనివారం రాత్రి ఆట అంటే తెలుగువాళ్లకు సాధారణంగా వచ్చే ఇబ్బంది ఇది. అమెరికా సర్వర్ పెడితే వాళ్లకు 30, మనకు 240. ముంబయి పెడితే తిరగబడుతుంది. మూడో దారి మధ్యలో కలుసుకోవడం: ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాలస్‌వాడికి 115–130, బెంగళూరువాడికి 140 చుట్టూ. టోక్యోలోనూ ఇద్దరికీ దాదాపు ఇంతే, పైగా అటువైపు ఎర్ర సముద్రం గొడవ లేదు. ఒకరికి నరకం, ఒకరికి స్వర్గం కంటే ఇద్దరికీ 130 నయం. మైన్‌క్రాఫ్ట్, వాల్‌హైమ్ లాంటి సొంత సర్వర్ పెట్టుకునే గేములకు అద్దె సర్వర్‌ను ఈ నగరాల్లో తీసుకోవాలి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ టీసీపీపై నడుస్తుంది కాబట్టి ఒక్క ప్యాకెట్ పోయినా దాని వెనకవన్నీ ఆగుతాయి, దానికి పింగ్ కంటే లాస్ ముఖ్యం.

ఒకరి కంప్యూటరే హోస్ట్ అయ్యే కో-ఆప్ గేముల్లో ప్రొవైడర్ ఇచ్చే ఉమ్మడి పబ్లిక్ ఐపీ, అంటే సీజీ-న్యాట్, అడ్డొస్తుంది. బయటి కనెక్షన్లను మన కంప్యూటర్‌కు పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా పనిచేయదు. గేమ్ ఐపీవీ6ను (ఇలా పంచుకోనక్కర్లేని కొత్త తరం చిరునామాలను) అనుమతిస్తే అది వాడాలి, లేదా అవతలివాడిని హోస్ట్ చేయమనాలి.

## కొత్త కేబుళ్లతో ఏం మారుతుంది

సీ-మీ-వీ 6 కేబుల్ 2024 చివర్లో చెన్నై, ముంబయి తీరాలకు చేరింది. విశాఖపట్నంలో ఏఐ హబ్‌తో పాటు కొత్త సముద్ర కేబుల్ గేట్‌వే కూడా తెస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇవి చెన్నై–సింగపూర్ 32 మిల్లీసెకన్ల కనీసాన్ని కదిలించవు. తెగినప్పుడు మళ్లించే దారులు పెరుగుతాయి, రాత్రి 10 గంటల రద్దీలో లింకులు నిండిపోవడం తగ్గుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆటగాళ్లు ప్రస్తుతం సింగపూర్‌కు వెళ్లడానికి కూడా ముందు చెన్నైకో ముంబయికో చేరాలి. విశాఖలో కేబుళ్లు ఒడ్డెక్కి, స్థానిక ప్రొవైడర్లు అక్కడ బ్యాండ్‌విడ్త్ కొంటే ఆ చుట్టు తిరుగుడు తగ్గేది వాళ్లకు. బెంగళూరుకు చెన్నై ఎలాగూ దగ్గరే.